45 వేలు కట్టి తెచ్చుకునే పతకం మీ పాపకు వద్దు బాబూ

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మా పాప ఈ ఏడాది పదో తరగతి రాసింది. 400 మీటర్ల పరుగులో జిల్లాలో ఫస్టు వచ్చింది, స్టేటు మీట్‌లో ఆరో స్థానం. ఒక అకాడమీ వాళ్లు వచ్చి నేపాల్‌లో అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ ఉంది, 45 వేలు కడితే తీసుకెళ్తాం, పతకం ఖాయం, దాంతో స్పోర్ట్స్ కోటాలో సీటూ ఉద్యోగమూ వస్తాయి అంటున్నారు. తర్వాత ఇంటర్ కూడా వాళ్ల హాస్టల్లోనే చదివిస్తారట. ఆధార్‌లో వయసు రెండేళ్లు తగ్గిస్తే ఇంకా మంచిదన్నారు. ఇంట్లోవాళ్ల గాజులు కుదువ పెట్టి 10 వేలు అడ్వాన్సు ఇచ్చాను. మా బావమరిదేమో ఆడపిల్లకు పరుగులేంటి, విశాఖలో కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీలో వెయ్యమంటున్నాడు. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: బాబూ, ఇలాంటి ఉత్తరం నాకు ఇది మొదటిది కాదు. టెక్కలి నుంచి వచ్చింది, బొబ్బిలి నుంచి వచ్చింది. చీపురుపల్లి నుంచి ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఒకరికి నేపాల్ అంటారు, ఒకరికి థాయిలాండ్ అంటారు, ఆట కూడా మారుతుంది. అకాడమీయా, కాలేజీయా అని మీరంతా పైకి అడుగుతారు. లోపల నలిగేది వేరే. ఈ పిల్ల పరుగు రేపు అన్నం పెడుతుందా, నమ్మి వదిలేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందా అని కదా మీ భయం?

దానికి ముందు జవాబు చెబుతాను. అవ్వదు. పదిహేనేళ్ల పిల్ల రోజూ గంటన్నర పరుగెత్తి ఇంటర్ చదివితే ఏ దారీ మూసుకుపోదు. మార్కులు కాస్త తగ్గొచ్చు, అంతే. ఈ వయసులో పిల్లల్ని చెడగొట్టేవి పెద్దవాళ్లు తొందరపడి తీసుకునే నిర్ణయాలు. మీరు అలాంటివి రెండు అప్పుడే తీసుకున్నారు, మూడోది తీసుకోబోతున్నారు. అందుకే కొంచెం గట్టిగా మాట్లాడక తప్పదు.

ఆ నేపాల్ సంగతి చూద్దాం. అథ్లెటిక్స్‌లో మన దేశం తరఫున ఎవరు పరుగెత్తాలో నిర్ణయించేది భారత అథ్లెటిక్స్ సమాఖ్య. ఆసియా ఛాంపియన్‌షిప్ అయినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయినా ముందుగా అర్హత టైమింగ్ ప్రకటిస్తారు, జాతీయ పోటీల్లో చూసి ఎంపిక చేస్తారు. ప్రపంచ అండర్-20 పోటీల్లో ఒక దేశం నుంచి ఒక్కో ఈవెంట్‌లో ఇద్దరికి మించి పరుగెత్తనివ్వరు. అంత ఇరుకైన గుమ్మం అది. ఆ గుమ్మం దాటిన పిల్ల ఇంటికొచ్చి 45 వేలు కట్టమని ఎవరూ అడగరు. మీ ఇంటికే వచ్చి అడిగారంటే అది ఆ గుమ్మం కాదు.

మీరు పంపిన కరపత్రం చదివాను. అందులో అండర్-17, అండర్-19 అని విభాగాలున్నాయి. అవి మన స్కూల్ గేమ్స్ విభాగాలు. ప్రపంచ అథ్లెటిక్స్‌ను నడిపే సంస్థ, వరల్డ్ అథ్లెటిక్స్ వాళ్లు లెక్కపెట్టేది అండర్-18, అండర్-20. అసలు ప్రపంచ అండర్-18 ఛాంపియన్‌షిప్‌నే 2017లో నైరోబీలో జరిగిన తర్వాత ఆపేశారు, ఇప్పుడున్నది ఆసియా స్థాయిలో. ఆ కరపత్రంలో హీట్స్, అంటే తొలి వడపోత పరుగులు, ఎప్పుడో లేదు, గీత దాటే క్షణాన్ని కెమెరాతో తేల్చే ఫొటో ఫినిష్ మాటే లేదు, రాష్ట్ర సంఘం పేరు లేదు. పతకాల బొమ్మ మాత్రం అరపేజీ ఉంది. పరుగు మొదలవక ముందే "పతకం ఖాయం" అన్నవాడి మాట మీరెలా నమ్మారు బాబూ? ఫ్యాక్టరీలో పప్పు గ్రేడు చేసేటప్పుడు చూడకుండానే ఇది మొదటి రకం అంటే ఒప్పుకుంటారా?

ఉద్యోగాల దగ్గర ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు ఇలాంటి విదేశీ బంగారు పతకం, మెరిసే సర్టిఫికెట్ పట్టుకుని సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. అధికారి రెండు నిమిషాల్లో కాగితం వెనక్కి ఇచ్చేశారు. గుర్తింపు ఉన్న సమాఖ్య కాదు, ఎంపిక కాగితం లేదు అన్నారు. ఆ పిల్లవాడికి నిజంగా కాళ్లలో సత్తా ఉంది. రెండేళ్లు అసలైన మీట్లు వదిలేసి ఇలాంటివాటి చుట్టూ తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాటా మాట్లాడలేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో చెల్లేవి ఏవో రాసే ఉన్నాయి: దేశం తరఫునో రాష్ట్రం తరఫునో జాతీయ, అంతర్జాతీయ పోటీలు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, రాష్ట్ర జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచారు. అక్కడా గుర్తింపు ఉన్న పోటీల కాగితాలే చూస్తారు. మీ పాప స్టేటు మీట్‌లో ఆరో స్థానం అన్నారు చూడండి, ఆ చిన్న కాగితం ఆ నేపాల్ బంగారం కన్నా బరువైనది. ఎందుకంటే అది మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లెక్కి వచ్చింది.

అసలైన పోటీ ఎంత నిక్కచ్చిగా ఉంటుందో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ చెబుతుంది. 2020లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. అయినా ఆమె టైమింగ్‌ను రికార్డుగా తీసుకోలేదు. అక్కడ డోప్ పరీక్ష, అంటే నిషేధిత మందుల పరీక్ష, జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. 0.1 తేడాతో రికార్డు మళ్లీ పోయింది. అలిగి కూర్చోలేదు ఆ పిల్ల. తర్వాతి నెలలోనే సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తి రికార్డు రాయించుకుంది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేసిన మనిషి. 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. అదే ఏడాది చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78 పరుగెత్తింది. ఆ క్రీడల పేరు మీ బావమరిదికి చదివి వినిపించండి. అవి కాలేజీల్లో చదివే పిల్లలకు పెట్టే పోటీలు. చదువు, పరుగు ఒకదాన్నొకటి తినేస్తాయని ఆయనకు ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు.

ఇక ఆధార్‌లో వయసు తగ్గించడం. ఇది చదివాక కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆ పని చేస్తే మీ పాపను మీ చేతులతో మీరే దొంగను చేసినట్టు. సమాఖ్య వాళ్లు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. దొరికితే నిషేధం. దొరక్కపోతే ఇంకా కష్టం. పదిహేడేళ్ల పిల్ల పదిహేనేళ్ల పిల్లల మీద గెలుస్తూ తనకు లేని బలం ఉందనుకుంటుంది. వయసు హద్దు దాటి అసలు పోటీకి వెళ్లిన రోజు కింద పడుతుంది. పడ్డాక లేచి మళ్లీ మైదానానికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. వయసు తగ్గించమన్నవాడిని మళ్లీ గడప తొక్కనివ్వకండి.

హాస్టల్ అకాడమీల గురించి కూడా నా సందేహాలు దాచుకోను. "ఆటా చదువూ ఒకేచోట" అనే బోర్డులు ఇప్పుడు విశాఖ దారంతా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు నాకూ అవి నచ్చాయి. నేనే ఒక కుటుంబానికి సలహా ఇచ్చి వాళ్ల అమ్మాయిని ఒకచోట చేర్పించాను. ఆరు నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారారు. వచ్చిన ప్రతివాడూ తన పద్ధతి మొదలుపెట్టాడు. ఆ పిల్లకు మోకాలి కింద ఎముక నొప్పి మొదలైతే "మొదట్లో అలాగే ఉంటుంది" అని పరుగెత్తించారు. పేరు లేని డబ్బాలో పొడి కలిపి ఇచ్చేవారు, అదేమిటని అడిగితే ప్రొటీన్ అన్నారు. అలాంటి పొడిలో నిషేధిత మందు ఏదైనా ఉంటే శిక్ష పడేది పరుగెత్తిన పిల్లకే. తన ఒంట్లోకి పోయినదానికి క్రీడాకారిణిదే బాధ్యత, నిబంధన అంత కఠినం. ఆ కుటుంబానికి నేను చెప్పిన సలహా ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మంచి అకాడమీలు లేవని కాదు. మీరు వెళ్లి అడగాల్సినవి అడగండి. కోచ్‌కు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే శిక్షకుల డిప్లొమా ఉందా? ఆడపిల్లల హాస్టల్లో మహిళా వార్డెన్ రాత్రి ఉంటారా? ట్రాక్ సింథటిక్‌దా, మట్టిదా? గాయమైతే ఫిజియో ఎవరు? పోయినేడు మీ పిల్లలు ఏ గుర్తింపు పోటీల్లో ఏ టైమింగ్ చేశారు? ఈ చివరి ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి. ప్రభుత్వ కేంద్రాలైతే సెలక్షన్ ట్రయల్స్ పెట్టి తీసుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10 వేలు చేతి ఖర్చు కూడా ఇస్తారు. మీరు కట్టేదానికీ వాళ్లు ఇచ్చేదానికీ తేడా చూడండి.

కార్పొరేట్ కాలేజీ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అక్కడ మైదానం ఉండదు. పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. పరుగెత్తే పిల్లను అక్కడ వేస్తే ఆర్నెల్లలో పరుగు పోతుంది, దాంతోపాటు మనసూ పోతుంది. మనసు లేని చోట ఎంపీసీ కూడా ఎక్కదు.

కాబట్టి మీరడిగిన రెండూ ఇప్పటికి వద్దు. ఇంటి నుంచి వెళ్లి రాగలిగే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, తనకు నచ్చిన గ్రూపులో చేర్చండి. ఇప్పుడు నేర్పుతున్న పీఈటీ మాస్టారినే జిల్లా అథ్లెటిక్స్ సంఘంలో పేరు నమోదు చేయించమనండి. సమాఖ్య ఏటా అండర్-14, అండర్-16 పిల్లలకు జిల్లాల మధ్య జాతీయ మీట్ పెడుతుంది. వయసు సరిపోతుందేమో ఆయనే చూస్తారు. జాతీయ రహదారి సర్వీస్ రోడ్డు మీద పరుగెత్తుతోందని రాశారు, ఆ అలవాటు మాన్పించండి. లారీల భయం ఒకటి, గట్టి తారు మీద కాళ్లకు ఒత్తిడి ఇంకొకటి. మట్టి మైదానమే నయం. ఒకసారి ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించండి. రక్తం తక్కువగా ఉన్న పిల్లను ఎంత పరుగెత్తించినా చివరి వంద మీటర్లలో కాళ్లు బరువెక్కుతాయి. కొత్త స్పైక్స్ (మేకుల బూట్లు) కన్నా ముందు గుడ్లు, పల్లీ చిక్కీ, ఆకుకూర చూడండి.

రెండేళ్లు ఇలా గడవనివ్వండి. ఇంటర్ తర్వాత దారులు ఆగిపోవు. డిగ్రీలో చేరితే విశ్వవిద్యాలయ జట్టు ఉంది. వ్యాయామ విద్య చదవాలంటే పీఈసెట్ ఉంది. రైల్వే, పోలీసు క్రీడా నియామకాలు ఉన్నాయి. వీటిలో దేనికీ అంతర్జాతీయ పతకం తప్పనిసరి కాదు. దేశంలో 400 మీటర్లు పరుగెత్తే ప్రతి అమ్మాయీ హిమ దాస్ కానక్కర్లేదు. 2018లో ఫిన్లాండ్‌లో ప్రపంచ అండర్-20 స్వర్ణం గెలిచినప్పుడు ఆమె టైమింగ్ 51.46 సెకన్లు. పద్దెనిమిదేళ్లు. అస్సాంలో వరి పండించే ఇంటి పిల్ల, ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగింది. మీ పాప అక్కడిదాకా వెళ్తుందో లేదో ఈ వయసులో ఎవరూ చెప్పలేరు, చెప్పగలనన్నవాడిని నమ్మకండి.

మిమ్మల్ని అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. రెండు పేజీల ఉత్తరంలో పతకం మాట తొమ్మిది సార్లు రాశారు. పాప ఎన్ని సెకన్లలో పరుగెత్తుతుందో ఒక్కసారీ రాయలేదు. తను ఏం చదవాలనుకుంటోందో రాయలేదు. నేపాల్ వెళ్లాలని ఉందా అని తనను అడిగారో లేదో కూడా తెలియలేదు. స్థానాలు పక్కన పరుగెత్తినవాళ్లను బట్టి మారతాయి, టైమింగ్ తనది. స్టాప్‌వాచ్‌తో చేత్తో తీసినదైతే 400 మీటర్లకు 0.14 సెకను కలిపి చూసుకోవాలి, అప్పుడే ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చగలం. ఆరు నెలలకోసారి ఆ అంకె తగ్గుతోందా, ఆగిపోయిందా అన్నది చూస్తే ఏ అకాడమీవాడూ చెప్పలేనిది మీకే తెలుస్తుంది.

అడ్వాన్సు 10 వేలు వెనక్కి అడగండి. రసీదు ఉంటే గట్టిగా అడగండి. రాకపోయినా మిగతా 35 వేలు మాత్రం కట్టకండి. పోయినదాన్ని రాబట్టుకోవాలని ఇంకా పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. ముందు ఆ గాజులు విడిపించండి. తల్లి గాజులు కుదువలో ఉన్నాయని తెలిసిన పిల్ల గీత మీద నిలబడినప్పుడు కాళ్లు వణుకుతాయి.

ఈ ఆదివారం పాపను ఒక నోటుబుక్కులో ఇప్పటిదాకా పరుగెత్తిన మీట్లు, తేదీలు, టైమింగులు తన చేతిరాతతో రాయమనండి. కింద తనకు ఏ గ్రూపు ఇష్టమో కూడా రాయమనండి. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. దాన్ని చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.