అమ్మాయికి వచ్చింది యానిమేషన్ ఉద్యోగమా, టీవీకి సైజులు మార్చే పనా?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం. హైదరాబాద్‌లో రెండేళ్ల యానిమేషన్, వీఎఫ్ఎక్స్ డిప్లొమాలో చేర్పిద్దామని అడ్వాన్స్ కట్టాం. ఈలోగా అక్కడే ఒక స్టూడియో వాళ్లు ట్రైనీగా రమ్మన్నారు. సినిమా హాళ్ల కోసం కంప్యూటర్‌లో చేసిన వెడల్పు యానిమేషన్‌ను టీవీకి సరిపోయేలా మార్చే విభాగమట. అంటే బొమ్మలు చేయడం కాదు, వేరేవాళ్లు చేసినవాటిని కత్తిరించడం. ఎదుగూ బొదుగూ లేని పనేమోనని భయంగా ఉంది. బంధువులకు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు. కోర్సా, ఉద్యోగమా? పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి

జవాబు: పోలిక సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో అసలు బాధ చివర్న ఉంది, బంధువులకు ఏమని చెప్పాలన్నది. 'యానిమేటర్' అంటే చెప్పుకోవడానికి బాగుంటుంది. 'సినిమాలను టీవీ సైజుకు మారుస్తుంది' అంటే వీడియో షాపులో పనేమో అనుకుంటారని మీ దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. విభాగం పేరు మారుతుందంతే: ఒకరిది రోటో (ఫ్రేము ఫ్రేములో పాత్ర చుట్టూ గీసి విడదీయడం), ఒకరిది క్యూసీ (తప్పులు వెతికే నాణ్యతా తనిఖీ), ఒకరిది సబ్‌టైటిల్స్. పిల్లలకు ఆ పని నచ్చే ఉంటుంది, పెద్దవాళ్లకు దాని పేరు నచ్చదు.

'కత్తిరించడం' అన్నారు కదా, ఒక ఉదాహరణ చెబుతాను. 1998లో పిక్సార్ 'ఎ బగ్స్ లైఫ్' విడుదల చేసింది. ఆ సంస్థ 2.35:1 వెడల్పులో, అంటే ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పుతో, తీసిన మొదటి సినిమా అదే. అప్పట్లో ఇళ్లలో ఉన్నవి 4:3 టీవీలు, దాదాపు చదరంగా ఉండేవి. బొమ్మను పూర్తిగా చూపిస్తే టీవీ తెరలో 43 శాతం నల్ల పట్టీలే మిగులుతాయి. తెర నిండా చూపిస్తే బొమ్మ వెడల్పులో అదే 43 శాతం పోతుంది. ఎడమ చివర ఒక చీమ, కుడి చివర ఒక చీమ నిలబడి మాట్లాడుకుంటుంటే టీవీలో మధ్యలో ఉన్న గడ్డి తప్ప ఏమీ కనిపించదన్నమాట. మామూలు సినిమాలకైతే అప్పట్లో ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు ఫ్రేము జరిపేవారు. దాన్నే పాన్ అండ్ స్కాన్ అంటారు.

కంప్యూటర్ యానిమేషన్‌లో ఇంకో దారి ఉంది. షూటింగ్ అయిపోయి సెట్టు పీకేయడం అంటూ ఉండదు, సీను ఫైల్‌లోనే ఉంటుంది. అందుకే 1999లో వీడియోకు తెచ్చేటప్పుడు పిక్సార్ వాళ్లు షాటు షాటుకీ విడిగా నిర్ణయం తీసుకున్నారు. కొన్నిచోట్ల మామూలుగానే ఫ్రేము జరిపారు. కొన్నిచోట్ల పైనా కిందా కొత్తగా రెండర్ చేసి, అంటే కంప్యూటర్‌తో మళ్లీ బొమ్మ తీయించి, ఎత్తు పెంచారు. కొన్నిచోట్ల పాత్రలనే ఒకదానికొకటి దగ్గరగా జరిపారు.

చదవడానికి తేలిగ్గా ఉంది గానీ, చేసేవాళ్లకు తెలుస్తుంది. యానిమేటర్ కెమెరాకు కనబడేంత వరకే పని చేస్తాడు. ఫ్రేము కొంచెం కిందికి పెంచగానే నడుము దాకా నటిస్తున్న పాత్రకు కాళ్లు కదలకపోవడం బయటపడుతుంది. పైకి పెంచితే చెట్టు కొమ్మ సగంలో ఆగిపోయి ఉంటుంది. పక్కకు పెంచితే తన వంతు కోసం కాచుకున్న పాత్ర రెండు చేతులూ చాపి కొయ్యబొమ్మలా నిలబడి ఉంటుంది. ఇవన్నీ ఏరి, ఏది సరిచేయించాలో, ఎక్కడ సర్దుకుపోవాలో చెప్పేవాళ్లు కావాలి. అమ్మ పట్టుచీరను పాపకు పరికిణీగా కుట్టేటప్పుడు అంచు ఎక్కడికి రావాలో తెలిసిన టైలర్ విలువ మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

సైజు ఒక్కటే కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన దేశంలో టీవీ 25. ఏమీ చేయకుండా ఆ వేగానికి నడిపిస్తే రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. అమెరికా చానెల్‌కు పంపాలంటే లెక్క వేరు: అక్కడి టీవీ సెకనుకు సుమారు 30 ఫ్రేములు కాబట్టి నాలుగు ఫ్రేములను ఐదుగా చేయాలి. సరిగ్గా చేయకపోతే కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపులతో కదులుతుంది. టీవీ బొమ్మ అడ్డగీతలుగా, చాలాచోట్ల ఇప్పటికీ ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలుగా వెళ్తుంది. కంప్యూటర్ బొమ్మ మరీ పదునుగా ఉంటుంది కాబట్టి సన్నటి గడ్డిపోచలు, చీర అంచు గీతలు తెర మీద మిణుకుమిణుకుమంటాయి. కావాలని కాస్త మసక చేయాల్సి వస్తుంది. ఎంత మసక చేయాలన్నది చూసి చెప్పాల్సిందే.

క్యూసీని చిన్న పని అనుకునేవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి ప్రసారమైంది. అందులో ఎరుపు, నీలం వెలుగులు వెంటవెంటనే మెరిసే సీను ఉంది. అది చూసి 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు ఎన్నో చానెళ్లు మెరుపుల పరీక్ష దాటని కార్యక్రమాన్ని తీసుకోవు. మీ అమ్మాయి విభాగం చూసే పనుల్లో ఇదీ ఒకటి అయ్యే అవకాశం ఉంది.

ఇక కోర్సు. నా అనుమానాలు దాచుకోను. ప్రతి ఫ్లెక్సీ మీదా 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని ఉంటుంది. ఎక్కడ, ఏ పనిలో, ఎంత జీతానికి అన్నది ఉండదు. తమ పని చూపించే వీడియో, అదే షోరీల్‌లో పిల్లలందరికీ ఒకే డ్రాగన్, ఒకే పేలుడు. రిక్రూటర్లకు ఆ డ్రాగన్‌ను చూసి చూసి విసుగొచ్చింది. ఈ రంగం ఎంత ఎగుడుదిగుడో కూడా ఆ ఫ్లెక్సీలు చెప్పవు. హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ అనే వీఎఫ్ఎక్స్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో దాని పనికి ఆస్కార్ వచ్చింది! 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే మరో వీఎఫ్ఎక్స్ సంస్థ కుప్పకూలితే మన దేశంలోనే ఎంతోమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లలో ప్రతిభ లేనివాళ్లు లేరు. పైగా కొత్తవాళ్లకు మొదట ఇచ్చే రోటో, పెయింట్ (ఫ్రేములో అక్కర్లేనివి చెరపడం) లాంటి పనులను ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్ కొంత తినేస్తోంది. రెండేళ్ల తర్వాత మీ అమ్మాయి బయటికి వచ్చేసరికి ఆ మెట్లలో ఎన్ని మిగిలి ఉంటాయో ఏ కౌన్సెలరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మరి ఆమెకు వచ్చిన పని మాత్రం ఏఐకి దొరకదా అంటారు. దొరుకుతుంది. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2019 నుంచే ఆటో రీఫ్రేమ్ ఉంది, ముఖం ఎటు వెళ్తే ఫ్రేము అటు వెళ్తుంది. ఇప్పుడు వెడల్పు బొమ్మ ఇప్పటి 16:9 వెడల్పు టీవీకే కాదు, ఫోన్ కోసం నిలువుగానూ కావాలి కాబట్టి పని పెరిగింది, మెషీన్ చేసేదీ పెరిగింది. బటన్ నొక్కి ఫైల్ తీసేవాళ్లకు కష్టకాలమే. మాట్లాడేవాడి ముఖం కన్నా వినేవాడి ముఖం ముఖ్యమైన చోట మెషీన్ తప్పు చేసిందని పట్టుకోగలిగినవాళ్లకు పని ఉంటుంది. ఆ చూపు రోజూ వందల షాట్లు చూస్తేనే వస్తుంది.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీరు ఏమనుకున్నారో ఉంది, బంధువులు ఏమనుకుంటారో ఉంది. అమ్మాయి ఏమందో ఎక్కడా లేదు. ఉద్యోగం తనే వెతుక్కుందా? టెస్టు రాసిందా, ఇంటర్వ్యూకు ఒక్కతే వెళ్లిందా? డిగ్రీ అయిన వెంటనే ఒక స్టూడియో రమ్మందంటే ఆమెలో ఏదో చూశారు. మీరు దాన్ని 'కత్తిరింపు' అంటున్నారు. ఆ మాట ఆమె ముందు కూడా అని ఉంటారు. అడ్వాన్స్ పోతుందన్న బాధ నాకు అర్థమవుతుంది, కానీ కట్టిన డబ్బు కోసం రెండేళ్లు కట్టేయడం ఏం లెక్క? రీఫండ్ కోసం ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. రాకపోతే మిగతా ఫీజైనా మిగులుతుంది.

నా సలహా, ఉద్యోగంలో చేరనివ్వండి. మొదట జీతం తక్కువే ఉంటుంది, హాస్టలుకూ తిండికీ పోను పెద్దగా మిగలకపోవచ్చు. కానీ నేర్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు, ఎదురు జీతం ఇస్తారు. ఇక్కడి నుంచి లేఅవుట్‌కు (షాటులో కెమెరా, పాత్రలు ఎక్కడుండాలో కూర్చడం), కలర్‌కు, ఎడిటింగ్‌కు, మాస్టరింగ్‌కు (చివరి కాపీ సిద్ధం చేయడం) వెళ్లే దారులున్నాయి. సాయంత్రాలు ఇంట్లో యానిమేషన్‌కు బ్లెండర్, ఎడిటింగ్‌కూ కలర్‌కూ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ నేర్చుకోవచ్చు. ఒకటి రెండేళ్ల తర్వాత కూడా చదవాలని ఉంటే అప్పుడు గట్టి చోటే చదవమనండి: ఐఐటీ బాంబేలో యానిమేషన్ ఎం.డిజైన్ ఉంది, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ సినిమా ఉంది. మూడేళ్ల డిగ్రీ ఎక్కడ సరిపోతుందో ముందే కనుక్కోమనండి. షాటు గురించి నాలుగు మాటలు సొంతంగా చెప్పగలిగిన అమ్మాయికి ఆ ఇంటర్వ్యూల్లో బెరుకు ఉండదు.

అంత టెన్షన్ పడాల్సిన పరిస్థితి ఏమీ లేదు. ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ల వయసులో ఏడాది ఒక పని చేసి చూడటం వల్ల ఎవరి జీవితమూ పాడవదు. పెళ్లిసంబంధాల వాళ్లు అడిగితే 'స్టూడియోలో పోస్ట్ ప్రొడక్షన్' అని చెప్పండి, అబద్ధం కాదు.

చేరే ముందు రెండు విషయాలు ఆమెనే అడగమనండి, మీరు ఫోన్ చేయకండి. ఒకటి, సీను ఫైళ్లు తెరిచి మార్చే పని ఉంటుందా, లేక పూర్తయిన వీడియో మీదే పనా? మొదటిదైతే మంచిది, రెండోదైతే ఏడాదిలోపు మారే అవకాశం గురించి అడగాలి. రెండు, బాండ్ ఉందా, ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఆఫర్ లెటర్‌లో రాసి ఇవ్వమనాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే మాత్రం ఒప్పుకోవద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, వాళ్లకు జిరాక్స్‌లు చాలు.