వాహన సందేహాలు: మొరాయించే డోర్ అద్దాలు

వానలు మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం డోర్ అద్దాల గురించే ఉంటాయి. ఈసారి వాటికే చోటిచ్చాం. షెడ్డుల్లో అద్దాన్ని పైకీ కిందికీ నడిపే యంత్రాంగాన్ని 'గ్లాస్ మెషిన్' అంటారు, మేమూ అదే మాట వాడాం.

ప్రశ్న: నా కారులో ఎడమవైపు ముందు అద్దం కిందికి దిగుతుంది గానీ పైకి రాదు. ఇతర అద్దాలు బాగానే పనిచేస్తున్నాయి. మెకానిక్ మోటారు కాలిపోయింది, కొత్తది వేయాలంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే వేయించకండి. కాలిపోయిన మోటారు ఏ వైపుకీ తిరగదు. మామూలు పవర్ విండో మోటారుకు రెండే వైర్లు ఉంటాయి. ఒకదానికి కరెంటు, రెండోదానికి ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌తో కలిసే దారి) ఇస్తే ఒకవైపు తిరుగుతుంది, అవే తారుమారు చేస్తే రెండోవైపు తిరుగుతుంది. కాబట్టి కిందికి దింపగల మోటారు పైకి ఎత్తడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది స్విచ్‌ని.

ముందు డ్రైవర్ దగ్గరున్న విండో లాక్ బటన్ చూడండి. తుడిచేటప్పుడు అది నొక్కుకుపోవడం మామూలే. కొన్ని కార్లలో ఆ బటన్ పడితే డ్రైవర్ స్విచ్ నుంచి మాత్రమే అద్దం కదులుతుంది, కొన్నింటిలో అక్కడి నుంచీ కదలదు. తర్వాత రాత్రిపూట లోపలి లైటు వేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, పైకి బటన్ నొక్కి పట్టుకోండి. లైటు కొంచెం మందగించి, డోర్ లోపల 'ఊఁ' అని మూలుగు వినిపిస్తే మోటారుకు కరెంటు అందుతోంది, అద్దమే బిగుసుకుంది. అద్దాన్ని ఎత్తడం దింపడంకన్నా బరువైన పని కాబట్టి, ఎండిపోయిన రబ్బరులో బిగుసుకున్న అద్దం దిగుతుంది, ఎక్కలేదు. లైటు చలించకుండా, చప్పుడూ లేకపోతే మాత్రం కరెంటే అందడం లేదు.

కరెంటు అందనప్పుడు చాలామంది నేరుగా ఎడమ డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ప్లాస్టిక్ పలక) విప్పేస్తారు. దానికన్నా ముందు రెండు స్విచ్‌లనూ నొక్కి చూడాలి: ఎడమ డోర్ మీదిదీ, డ్రైవర్ డోర్ మీదిదీ. రెండింటిలో ఒక్కదాంతోనే పైకి వస్తే, రెండోది పోయింది. రెండింటితోనూ రాకపోయినా డ్రైవర్ స్విచ్‌ని వదిలేయకూడదు. ఏ బటనూ నొక్కనప్పుడు మోటారు రెండు వైర్లకూ ఎర్త్ వచ్చేది చాలా కార్లలో ఆ మాస్టర్ స్విచ్ లోపలి నుంచే. అక్కడ ఒక కాంటాక్టు నల్లబడితే, ఎడమ డోర్ స్విచ్ ఎంత కొత్తదైనా అద్దం ఒకవైపే కదులుతుంది. డ్రైవర్ అద్దం దించి ఉంచినప్పుడు వానపడేది కూడా ఆ స్విచ్ మీదే.

తేల్చుకోవడానికి టెస్ట్ ల్యాంపు, అంటే రెండు వైర్లున్న చిన్న బల్బు, చాలు. ప్యాడ్ తీసి, మోటారు ప్లగ్గు ఊడదీసి, ల్యాంపును ఆ రెండు పిన్నుల మధ్య పెట్టండి. పైకి నొక్కినప్పుడూ కిందికి నొక్కినప్పుడూ వెలగాలి. ఒకదానికే వెలిగితే స్విచ్ లేదా వైరు. రెండింటికీ వెలిగినా తొందరపడవద్దు, చిన్న బల్బుకు సరిపోయే కరెంటు తుప్పుపట్టిన వైరు గుండా కూడా వస్తుంది. ప్లగ్గు తిరిగి పెట్టి, వెనకనుంచి మల్టీమీటర్ పిన్నులు దూర్చి, బటన్ నొక్కి ఉండగా వోల్టేజీ చూడాలి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి ఇక్కడ 10 కన్నా తక్కువ చూపిస్తే దారిలో ఎక్కడో నష్టం ఉంది. డోర్‌కూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం చూశారా? డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ అందులోని వైర్లు మడతపడతాయి, తెగేది అక్కడే. డోర్ సగం తెరిచి, ఆ గొట్టాన్ని చేత్తో కదుపుతూ బటన్ నొక్కితే అద్దం ఒక్కసారి ఉలిక్కిపడితే, దోషి దొరికినట్టే.

ప్లగ్గు దగ్గర 12 వోల్టులు నిండుగా వస్తూ కూడా మోటారు ఉలకకపోతే అప్పుడు మార్చండి. ఒక జాగ్రత్త: ప్లగ్గులో రెండుకు బదులు అయిదారు వైర్లు కనిపిస్తే మోటారులోనే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉన్నట్టు. అక్కడ టెస్ట్ ల్యాంపు గుచ్చకండి, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ ఉన్నచోటికి తీసుకెళ్లండి.

నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగితే ముందు ఫ్యూజు వైపు చూడాలి. సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్లది ఉంటుంది, సరైన అంకె మీ కారు పుస్తకంలో ఉంటుంది. 20ది పదేపదే పోతోందని 30 వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

ప్రశ్న: డోర్ లోపల 'టప్' మని చప్పుడై అద్దం కిందికి జారిపోయింది. బటన్ నొక్కితే మోటారు తిరుగుతున్న శబ్దం వస్తోంది, అద్దం కదలదు. ఇంట్లోనే బాగు చేసుకోగలమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పాన, స్క్రూడ్రైవర్ పట్టడం అలవాటుంటే చేసుకోవచ్చు, ఒక పూట పని. మీ కారులో తీగ తెగిందో, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ బిళ్ల విరిగిందో అయి ఉంటుంది. కేబుల్ రకం మెషిన్‌లో మోటారు ఒక చిన్న డ్రమ్మును తిప్పుతుంది, దానికి చుట్టిన సన్నటి ఉక్కు తీగ పట్టాల మీద ఆ బిళ్లను పైకీ కిందికీ లాగుతుంది. తీగ పోగులు విడిపోవడం మొదలైతే కొన్ని రోజుల ముందే 'కటకట' మంటుంది. ఆ చప్పుడు విన్నాక కూడా వాడితే డ్రమ్ములో చిక్కుపడి తెగుతుంది. తీగ ఒక్కటే మార్చే కిట్లు దొరుకుతాయి గానీ, దాని బిగువు సరిగ్గా కుదర్చడం కష్టం. మెషిన్ మొత్తం మార్చడమే మేలు. మోటారు బాగానే ఉందని మీకే తెలుస్తోంది కాబట్టి, మోటారు లేని మెషిన్ విడిగా దొరుకుతుందేమో అడగండి. కుడి, ఎడమ, ముందు, వెనక వేర్వేరు. బిల్లు కట్టేముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాలు పోల్చండి.

విప్పే క్రమం ఇది. డోర్‌లో లేదా సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం అయిదు నిమిషాలు ఆగండి. అద్దం మూలన, సైడ్ మిర్రర్ వెనకున్న ముక్కోణపు ప్లాస్టిక్ ముందు ఊడదీయాలి. స్క్రూలు లోపలి హ్యాండిల్ వెనకా, చేయి పెట్టుకునే చోట గుంటలోనూ చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. అవన్నీ తీశాక ప్యాడ్ అడుగు అంచు నుంచి ప్లాస్టిక్ లివర్‌తో ఒక్కో క్లిప్పూ లేపండి. ఒకటి రెండు విరుగుతాయి, అయిదారు ముందే కొని ఉంచుకోండి. క్లిప్పులన్నీ వచ్చాక ప్యాడ్‌ను మీవైపు లాగకండి, పైకి ఎత్తండి. దాని పై అంచు అద్దం గాడికి కొక్కెంలా తగిలించి ఉంటుంది. స్విచ్ ప్లగ్గు, హ్యాండిల్ తీగ విడదీస్తే ప్యాడ్ చేతికొస్తుంది.

దాని వెనక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికి ఉంటుంది. చింపకుండా, బ్లేడుతో జిగురును కోస్తూ విప్పి పక్కకు మడవండి. అద్దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి పైదాకా లేపి, ఫ్రేము మీదుగా లోపలి నుంచి బయటికి మాస్కింగ్ టేపు వేసి నిలబెట్టండి. అద్దం మురికిగా ఉంటే టేపు ఆగదు, ముందు తుడవండి. తర్వాత అద్దాన్ని బిళ్లకు పట్టిన రెండు బోల్టులు ఇంకా ఉంటే తీసి, మోటారు ప్లగ్గు ఊడదీసి, మెషిన్ పట్టాల బోల్టులూ, మోటారువీ విప్పండి. చాలా కార్లలో ఇవన్నీ 10 నంబరు పానకే వస్తాయి. మెషిన్ మడుచుకుని పెద్ద రంధ్రం గుండా బయటికి వస్తుంది. వచ్చిన కోణాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, కొత్తది అదే కోణంలో లోపలికి పోవాలి.

కొత్తదాన్ని బిగించేటప్పుడు అసలు కిటుకు ఉంది. పట్టాల బోల్టులు ముందు వదులుగానే పెట్టండి. అద్దాన్ని బిళ్లలో కూర్చోబెట్టి, రబ్బరు వాషర్లు మరచిపోకుండా, దాని బోల్టులు వేళ్లతో పట్టేదాకా తిప్పండి. బ్యాటరీ కలపాల్సి వస్తే ప్యాడ్‌లోని ప్లగ్గులన్నీ తగిలించాకే ఇగ్నిషన్ వేయండి, లేదంటే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. అద్దాన్ని పూర్తిగా పైకి నడిపి, గాడిలో తనంతట తాను సర్దుకోనిచ్చి, ఆ మూసిన స్థితిలోనే అన్నీ బిగించండి. కింద ఉండగా బిగిస్తే అద్దం ఏటవాలుగా ఎక్కి, ఒక మూల తగులుకుంటూనే ఉంటుంది. అద్దం బోల్టుల మీద బలం చూపించకండి, కాస్త ఎక్కువ బిగిసినా అద్దం మొత్తం పగిలి పోగవుతుంది.

ప్యాడ్ వేయకముందే నాలుగైదుసార్లు నడిపి చూడండి. అంతకుమించి ఆపకుండా నడిపితే మోటారు లోపలి వేడి రక్షణ పడి ఆగిపోతుంది. పాడైందని భయపడకుండా పది నిమిషాలు చల్లారనివ్వండి.

ప్యాడ్ విప్పాక తీగకు బదులు కత్తెరలా దాటుకునే ఇనుప చేతులు కనిపిస్తే ఒక హెచ్చరిక. ఆ రకంలో బరువు మోయడానికి గట్టి చుట్ట స్ప్రింగు ఉంటుంది. పళ్ల చక్రాన్ని బోల్టుతోగానీ క్లాంపుతోగానీ కదలకుండా బంధించకుండా మోటారు విప్పితే, చేయి విసురుగా తిరిగి వేళ్లు చితుకుతాయి. దాన్ని షెడ్డుకే వదిలేయండి.

ప్రశ్న: మెషిన్ మార్పించిన తర్వాత వానపడితే ఆ వైపు కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తోంది. అద్దం బీడింగ్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బీడింగ్ (అద్దం అంచున ఉండే రబ్బరు పట్టీ) తప్పేమీ లేదు. అద్దం మీద పడ్డ నీరు కొంత డోర్ లోపలికి దిగడం సహజం, అడుగున ఉన్న రంధ్రాల గుండా అది బయటికి పోవాలి. ప్యాడ్ వెనకుండే ప్లాస్టిక్ షీటును చింపేసో, తిరిగి అతికించకుండానో ప్యాడ్ బిగించి ఉంటారు. షీటు అడుగు అంచు డోర్ గాడిలోకి దోపి ఉంటేనే నీరు లోపలే కారిపోతుంది. చిరిగితే మందపాటి పాలిథిన్ షీటు అదే కొలతకు కోసి, జిగటగా ఉండే బ్యుటైల్ రబ్బరు టేపుతో అతికించమనండి. ప్యాడ్ తీసినప్పుడే అడుగు రంధ్రాల్లో సన్నటి తీగ తిప్పించండి. మీ సముద్రపు గాలిలో డోర్ అడుగున నీరు నిలిస్తే మెషిన్ పట్టాలు తొందరగా తుప్పు పడతాయి.

ప్రశ్న: అద్దం నత్తనడక నడుస్తోంది. కొబ్బరినూనె రాయమని కొందరు, గ్రీజు రాయమని కొందరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండూ వద్దు. దుమ్ము పట్టి నాలుగు రోజుల్లో ముద్దగా తయారవుతుంది, పెట్రోలియం గ్రీజయితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అద్దం పూర్తిగా దించి, సన్నటి చెక్కపుల్లకు తడిగుడ్డ చుట్టి నిలువు గాళ్లు రెండూ శుభ్రం చేయండి. బయటికొచ్చే నల్లటి మడ్డి చూస్తే కారణం అర్థమవుతుంది. ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి నాలుగైదుసార్లు నడపండి. అప్పటికీ అలాగే ఉంటే రబ్బరు గాడి గట్టిపడిపోయింది, మార్చాలి. గ్రీజు రాయాల్సింది లోపలి ఇనుప పట్టాలకే, అదీ తెల్ల లిథియం గ్రీజు.

ప్రశ్న: రాయి తగిలి వెనక డోర్ అద్దం పగిలింది. ఇన్సూరెన్స్ వస్తుందా? ఫిల్ము వేసిన అద్దం తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎదుటివారి నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే రాదు. సొంత కారు నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ ఉంటే వస్తుంది. అద్దాల మీద తరుగుదల కోత లేదు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద మాత్రం 50 శాతం ఉంది. 1500 సీసీ లోపు కార్లకు మొదటి ₹1000, ఆపైన ₹2000 మీరే భరించాలి. క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి, బిల్లుతో పోల్చి లెక్క వేసుకోండి. ఒక్క డోర్ అద్దానికి చాలాసార్లు జేబులోంచి పెట్టుకోవడమే లాభం.

డోర్ అద్దం ఎక్కువ కార్లలో టెంపర్డ్, అంటే వేడిచేసి గట్టిపరచిన గాజు. చిన్న గింజలుగా పగులుతుంది, అతకడం, కోయడం, రంధ్రం చేయడం కుదరదు. కొత్తదాని మూలన ముద్రించిన గుర్తు, రంగు పాత అద్దాలతో కలుస్తున్నాయో చూడండి. బిగించే ముందు డోర్ అడుగున పడ్డ గాజు గింజలన్నీ వాక్యూమ్‌తో లాగించాలి. తొందరలో దీన్ని వదిలేస్తే అవి గాడిలో ఇరుక్కుని కొత్త అద్దం మీద గీతలు పెడతాయి, డోర్ మూసినప్పుడల్లా గలగలలాడతాయి.

కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 100వ నియమం ప్రకారం పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం, ముందు వెనక అద్దాల గుండా 70 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు విడిగా అతికించే ఫిల్ములను నిషేధించింది. మళ్లీ నల్ల ఫిల్ము వేయించి చలానా కొని తెచ్చుకోకండి.

ప్రశ్న: బ్యాటరీ మార్చాక డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి రావడం లేదు. వచ్చినా సగంలో తిరిగి దిగిపోతోంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బ్యాటరీ తీసినప్పుడు అద్దం చివరి స్థానం ఎక్కడో మాడ్యూల్ మరచిపోయింది. అద్దం పూర్తిగా దించి, బటన్ పైకి లాగి పట్టుకుని మూసుకున్నాక కూడా మూడు నాలుగు క్షణాలు వదలకండి. ఎక్కువ కార్లలో ఇంతే, కొన్నింటిలో కిందివైపు కూడా ఇలాగే చేయాలి. మీ కారు పుస్తకంలో క్రమం ఉంటుంది. ఇది చేసినా సగంలో తిరగబడుతుంటే గాడి బిగుసుకుంది. అద్దానికి ఏదో అడ్డొచ్చిందనుకుని, వేళ్లు నలగకుండా ఉండే రక్షణ వెనక్కి దింపేస్తోంది. కరీంనగర్ పాఠకుడికి చెప్పిన శుభ్రం ముందు చేయండి.

ప్రశ్న: పాత కారు, తిప్పుడు హ్యాండిల్. హ్యాండిల్ వట్టిగా తిరుగుతోంది. దాన్ని ఊడదీయడానికి స్క్రూ కనిపించడం లేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: స్క్రూ ఉండదు. హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో సన్నటి స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య పాత నూలుగుడ్డ దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. గుడ్డ క్లిప్పు కొసలకు తగులుకుని దాన్ని బయటికి నెడుతుంది. ఎగిరి పడుతుంది కాబట్టి రెండో చేయి అడ్డం పెట్టండి. లోపలి పళ్లు అరిగింది హ్యాండిల్‌లోనైతే హ్యాండిల్ మారిస్తే సరి, ఇనుప కడ్డీ పళ్లే అరిగితే మెషిన్ మార్చాలి. తిరిగి బిగించేటప్పుడు క్లిప్పును ముందే హ్యాండిల్‌లో పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే చాలు.