1903 అని చెప్పి అమ్మిన రేజర్: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: పాత సేఫ్టీ రేజర్లు సేకరిస్తుంటాను. నాన్నగారి షేవింగ్ పెట్టెతో మొదలైన పిచ్చి ఇది. ‘1903 జిల్లెట్, మొదటి ఏడాది పీస్’ అని ఒకాయన వాట్సాప్‌లో రాస్తే నమ్మి, 38,000 రూపాయలు యూపీఐలో పంపాను. పార్శిల్ వచ్చి 20 నెలలైంది. మెరుపు లేదని నికెల్ పూత వేయించాను. పోయిన నెల ఒక మిత్రుడు చూసి, ఇది 1903ది కానే కాదన్నాడు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు, నాకు నిద్ర పట్టడం లేదు. చీటింగ్ కేసు పెట్టనా? లేక నేను కొన్నట్టే ఇంకొకరికి అమ్మేయనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నాన్నగారి పెట్టె గురించి రెండు పేజీలు రాశారు. కేసుకు పనికొచ్చేది మాత్రం మీరు జతచేసిన మూడో ఫోటో. విడదీసిన రేజర్‌లో ఒక ముక్క మీద ‘నవంబరు 15, 1904’ అని పేటెంట్ తేదీ కొట్టి ఉంది. ఈ రేజర్ కనిపెట్టిన కింగ్ జిల్లెట్‌కు అమెరికా పేటెంట్ వచ్చింది ఆ రోజే. 1904 చివర్లో వచ్చిన పేటెంట్ తేదీ 1903లో తయారైన వస్తువు మీద ఉండదు. ఆ కంపెనీ 1903లో అమ్మినవి 51 రేజర్లే. మీరు 38,000 పోసింది ఆ అరుదుతనానికి. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలని వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 15 చెబుతోంది. కాబట్టి కేసు ఉంది.

అయితే ఆ ముద్రకు రెండు వైపులా పదునే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే గడువు రెండేళ్లు. మిత్రుడు చెప్పిన రోజు నుంచి లెక్క వేసుకుంటున్నారు మీరు. ‘పార్శిల్ విప్పిన రోజే తేదీ కనబడుతోంది కదా’ అంటాడు అవతలి వకీలు. దానికి మీ దగ్గర జవాబు లేదు. పార్శిల్ అందిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. మీకున్నది నాలుగు నెలలు.

ఇక నికెల్ పూత. సేకరించేవారే ఈ పని చేస్తే ఎలాగండీ? పాత పూత పోతే పీసు విలువ పోతుందని మీకు వేరే చెప్పాలా? చట్టం దృష్టిలోనూ నష్టమే. సరుకు మీద సొంతదారులా పని చేయించాక దాన్ని అంగీకరించినట్టే లెక్క. రేజర్ తిరిగిచ్చి మొత్తం డబ్బు అడగడం ఇక కష్టం. ఇచ్చిన ధరకూ, పూత వేయించక ముందు దాని అసలు విలువకూ ఉన్న తేడా అడగొచ్చు. అమ్మినాయన పంపిన ఫోటోల్లో పాత పూత కనబడుతుంది కాబట్టి, వాటిని చూపించి తెలిసినవాళ్లు ఇద్దరి దగ్గర విలువ రాయించుకోండి.

ఆ చాట్ ఉన్న పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వబోతున్నానని చివర్లో రాశారు. ఇవ్వకండి! ‘1903’ అని ఆయన టైప్ చేసిన మెసేజ్ పోతే మిగిలేది మీ మాట, ఆయన మాట. స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి, అవి ఆ ఫోన్‌లోవేనని చెప్పే సర్టిఫికెట్‌ను సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద జతచేయాలి. యూపీఐ రసీదు, పార్శిల్ కవరు కూడా దాచండి.

‘ఇంకొకరికి అమ్మేయనా’ అన్న ఆలోచన ఈ రోజే మానుకోండి. ఆయన తెలియక పొరబడ్డానని అయినా చెప్పుకోగలడు. నిజం తెలిసీ 1903 అని అమ్మితే మీకు ఆ మాటకూడా మిగలదు, చీటింగ్ కేసు మీ మీదే పడుతుంది. ఆయన మీద పోలీసు కేసంటారా, మోసం చేయాలన్న ఉద్దేశం మొదటి నుంచీ ఉందని చూపాలి. ఒక్క మెసేజ్‌తో అది తేలదు.

ముందు వకీలు ద్వారా 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఆయన ఇలాంటివి తరచూ అమ్మే వ్యాపారి అయితే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క పీసు అమ్మిన మనిషైతే కమిషన్ వినదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ గడువు మూడేళ్లు. ఆయన వ్యాపారి అని చూపడానికి, ఆయన ఆన్‌లైన్ పేజీలో ఇప్పుడు అమ్మకానికి ఉన్న మిగతా రేజర్ల ఫోటోలు తేదీతో సహా ఈ రాత్రికే సేవ్ చేసుకోండి, నోటీసు అందాక అవి అక్కడ ఉండవు.