పెరట్లో కోళ్లూ కూరమళ్లూ కలిసి సాగుతాయా?

ఉద్యోగ విరమణ తర్వాత సొంతూరు చేరుతున్నామని, ఇంటి వెనుక ఎనిమిది సెంట్ల పెరడు ఉందని, అందులో అరడజను కోళ్లు, ఇంటికి సరిపడా కూరగాయలు పెంచుకోవాలని ఉందని రాశారు. కోళ్లు మొక్కల్ని బతకనిస్తాయా, ఖర్చుకు గిట్టుతుందా, నెలకోసారి హైదరాబాద్‌లో పిల్లల దగ్గర వారం రోజులు ఉండాల్సి వస్తే ఎలా అన్నవి మీ ప్రశ్నలు. నేను మూడోదానితో మొదలుపెడతాను. మొదటి రెండింటికి వలతోనో డబ్బుతోనో దారి దొరుకుతుంది. మూడోదానికి మనిషే కావాలి.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్తయ్యకు కోళ్లున్నాయి. ఇప్పుడు పెత్తనం నాది, సలహాలు మాత్రం ఇంకా ఆవిడవే. కోళ్ల పనిలో పొద్దున్న గూడు తలుపు తీయడం గంట ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. మేత ఒక పూట తగ్గినా అవి పెరట్లో గీరుకుని ఏదో ఒకటి తింటాయి. పొద్దు వాలాక తలుపు వేయడం మాత్రం ఒక్కనాడు కూడా మానడానికి లేదు. మసక పడితే కోడికి చూపు ఆనదు. కొమ్మ మీదో చూరు కిందో ముడుచుకుని కూర్చుంటుంది, ఏది వచ్చి పట్టుకున్నా పారిపోలేదు. బావురుపిల్లి, పందికొక్కు, వీధికుక్క, పాము అన్నీ తిరిగే వేళ అది. పగటి దొంగలు వేరు. ముంగిస పట్టపగలే వస్తుంది, పిల్లల్ని కాకి, గద్ద ఎత్తుకుపోతాయి. అయితే పగలు తల్లికోడి అరుపు విని మనం పరుగెత్తవచ్చు. రాత్రి జరిగింది తెల్లవారాక ఈకలు చూసి తెలుసుకోవడమే.

కాబట్టి మీరు ఊళ్లో లేని వారం రోజులూ దీపాలవేళకు వచ్చి, కోళ్లను లెక్కపెట్టి, తలుపు వేసేవారెవరో ముందు తేల్చుకోండి. మేము ఊరెళితే ఆ పని పక్కింటి పిన్నిగారు చేస్తారు. ఆ రోజుల గుడ్లన్నీ ఆవిడవే. డబ్బు ఇవ్వబోతే చిన్నబుచ్చుకుంటారు, గుడ్లయితే కాదనరు. వెలుతురును బట్టి తనంతట తాను మూసుకునే తలుపులు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కానీ బయట మిగిలిపోయిన కోడిని ఆ తలుపు వెతికి తీసుకురాదు కదా. ఇలాంటి పొరుగువారు దొరకకపోతే కోళ్ల ఆలోచన ప్రస్తుతానికి ఆపి, కూరమళ్లతో మొదలుపెట్టమనే చెబుతాను.

ఇక మొక్కల సంగతి. కోడి మొక్కల మీద పగతో గీరదు. మట్టి వదులుగా, తడిగా ఉన్నచోట పురుగులుంటాయని దానికి తెలుసు. మీరు అప్పుడే గుల్లచేసి, తోటకూర విత్తనం చల్లి, నీళ్లు చిలకరించిన మడికంటే దానికి నచ్చే చోటు పెరడు మొత్తంలో ఉండదు. అరగంటలో మడి ఆనవాలు లేకుండా చేస్తుంది. అందుకే మీరు చుట్టూ కంచె వేయాల్సింది మడులకు, కోళ్లకు కాదు. చాలామంది కోళ్లను చిన్న దడిలో బంధించి పెరడంతా మొక్కలకు వదులుతారు. వారం తిరిగేసరికి ఆ దడి లోపల గడ్డిపరక మిగలదు, వాసన మొదలవుతుంది, మేతంతా కొని పోయాల్సి వస్తుంది. దానికి బదులు రెండు సెంట్లు కూరమళ్లకు కేటాయించి దాని చుట్టూ వల కట్టండి. సుమారు 120 అడుగుల వల సరిపోతుంది. ఐదడుగుల ఎత్తు ఉండాలి, వల కింది అంచును జానెడు లోతున మట్టిలో పూడ్చాలి. నాటుకోళ్లు ఐదడుగులు కూడా ఎగురుతాయి. అలా అలవాటు పడినదానికి ఒక రెక్క పెద్ద ఈకల కొసలు మాత్రం కత్తిరిస్తే బరువు ఒకవైపు తూలి ఎగరలేదు. రెండు రెక్కలూ కత్తిరిస్తే ఆ ఫలితం రాదు. కొత్త ఈక మొదలులో రక్తం ఉంటుంది, అక్కడ కత్తెర పెట్టకూడదు.

వల లోపల ఉండాల్సినవి తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర, టమాటా, మిరప, వంగ, బెండ. వల బయట కోళ్ల రాజ్యంలోనే హాయిగా పెరిగేవి అరటి, మునగ, కరివేపాకు, బొప్పాయి, జామ. జామకాయల్లో పురుగు పడే ఇళ్లలో కోళ్లు చేసే మేలు చూసి తీరాలి. పండుఈగ పిల్లపురుగులు కాయతో పాటు కిందపడి, మట్టిలోకి దూరి కోశస్థ దశకు వెళతాయి. కోళ్లు చెట్టు మొదలు దగ్గర గీరి వాటిని ఏరుకు తింటాయి. బీర, సొర, పొట్ల, దొండ పాదులు కూడా బయటే పందిరి మీదకు పాకించండి. తీగ ఎదిగేదాకా మొదలు దగ్గర గీరకుండా పాదు చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించి పేర్చితే చాలు. మా కొబ్బరి సీమలో వాటికి కొదవ లేదు, మీ దగ్గర లేకపోతే ఇటుక ముక్కలు పెట్టండి. ఆ పందిరి నీడే ఎండాకాలంలో కోళ్లకు ప్రాణం పోస్తుంది.

మడుల్లోకి కోళ్లను ఎప్పుడూ రానివ్వకూడదని కాదు. ఒక పంట అయిపోయి, మొదళ్లు పీకేసిన తర్వాత మూడు నాలుగు రోజులు వల తలుపు తెరిచి వదలండి. కలుపు విత్తనాలు, గొంగళి పురుగులు, మిగిలిన ఆకు అన్నీ తిని, మట్టి పైపొర తిరగేసి పెడతాయి. ఆ తర్వాత తలుపు మూసి, మట్టి చదును చేసి విత్తుకోవడమే.

ఎరువు విషయంలో తొందర పనికిరాదు. కోడి పెంట వేడి అని పెద్దలు అనేది నిజమే. అందులోని నత్రజని ఎక్కువగా యూరిక్ ఆమ్లం రూపంలో ఉండి త్వరగా అమ్మోనియాగా మారుతుంది, పచ్చిగా వేస్తే లేతవేళ్లు మాడిపోతాయి. గూడు కింద వరి ఊక పరిచి, పెంటతో కలిసిన ఆ ఊకను వారానికోసారి ఎత్తి, ఎండుటాకులతో కలిపి ఒక మూల కుప్ప వేయండి. పెంట ఒక వంతుకు ఆకులు మూడు వంతులైనా ఉండాలి. అప్పుడప్పుడూ నీళ్లు చల్లి తిరగేస్తే రెండు మూడు నెలల్లో వాసన పోయి నల్లమట్టి అవుతుంది. పచ్చిగా తినే కొత్తిమీర వంటివాటి దగ్గరికి మాగని పెంట అసలే రానివ్వకండి, కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా క్రిమి భయం ఉంది. వాసన గురించి ఇరుగుపొరుగు ఏమంటారోనని మీరు భయపడుతున్నట్టున్నారు. ఊక పొడిగా ఉంటే వాసన రాదు, తడిస్తే ఎన్ని మందులు చల్లినా పోదు.

గిట్టుబాటు లెక్క ఏ రకం కోళ్లు తెచ్చుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాటు పెట్ట విడతకు పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాదికి 50, 60 గుడ్లు వస్తే మహాభాగ్యం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ అయితే పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. అదే సంస్థ వారి వనరాజ మాంసానికి బాగుంటుంది, గుడ్లు వందకు కాస్త అటూ ఇటూ. ఇవి పొదగడానికి పెద్దగా ఇష్టపడవు. అందుకని నాలుగు గ్రామప్రియలు, రెండు నాటు పెట్టలు పెట్టుకోండి. రేపు పిల్లలు కావాలంటే గుడ్లు వాటివైనా వీటివైనా 21 రోజులు ఓపికగా కూర్చునేది నాటు పెట్టే.

బయట తిరిగే కోడికి రోజుకు 50, 60 గ్రాముల మేత అదనంగా వేస్తే చాలు. ఆరింటికి నెలకు పది కిలోలు. నూకలు, తవుడు, కాస్త వేరుశనగ చెక్క కలిపితే కిలో ముప్పై రూపాయలనుకున్నా మూడు వందలు. నే చెప్పినట్టు తెచ్చుకుంటే గుడ్లు నెలకు అరవై పైన వస్తాయి. కొట్లో ఫారం గుడ్డు ధర కట్టినా మేత ఖర్చు పోను వంద మిగులుతుంది. గూడుకూ వలకూ పెట్టిన సొమ్ము ఆ వందలతో తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది. లాభం కోసమైతే వద్దు. బూజు పట్టిన చెక్కను మాత్రం చవకగా వస్తుందని కొనకండి, అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. గుడ్డు పెంకు కోసం ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి. మునగాకు, తోటకూర కాడలు వేస్తే సొన రంగు చూసి మీరే మురిసిపోతారు.

గుడ్లకు పుంజు అక్కరలేదు. పిల్లలు కావాలంటేనే అవసరం. మా జిల్లాలో మంచి పుంజు ఉన్న ఇంటికి ధనుర్మాసం నుంచీ చుట్టరికాలు కలుపుకుంటూ వచ్చేవాళ్లు ఎక్కువ. డేగో, నెమలో, కాకో అంటూ దాని ఈకలు చూసి జాతకం చెబుతారు. పందేలు చట్టానికి విరుద్ధం, ఆ బేరాలకు తావివ్వకండి. పుంజు లేకపోతే ఆ గోలా ఉండదు, తెల్లవారుజామున పక్కవాళ్ల నిద్రా చెడదు.

జబ్బుల్లో ముందు భయపడాల్సింది కొక్కెర తెగులుకు. పచ్చటి విరేచనాలు, మెడ మెలిక తిరగడం, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. వచ్చాక మందు లేదు, ముందు టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో లసోటా కంటిచుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది వేయిస్తారు. మశూచి టీకా ఆరో వారంలో. చిక్కేమిటంటే టీకా సీసా వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపోయేది వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్ల కోసం ఎవరూ సీసా తెరవరు. మా వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుని, పశువైద్యశాలకు ఫ్లాస్కులో ఐసు ముక్కలు తీసుకువెళ్లి తెచ్చుకుంటాం. మీరు నెల పైబడిన పిల్లల్ని కొంటే అప్పటికే ఏ టీకాలు పడ్డాయో అడిగి రాయించుకోండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాలతో పాటు పెరటి కోళ్ల వాళ్లం కూడా బిక్కుబిక్కుమంటూ గడిపాం. జబ్బు తేలిన చోటికి కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది. కారణం తెలియకుండా ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే వాటిని చేత్తో ముట్టుకోకుండా పశువైద్యాధికారికి చెప్పండి. కోసుకు తిందామనే ఆలోచన వద్దు.

జబ్బులకంటే నేను ఎక్కువగా భయపడేది విషాలకు. వరి చేలో చల్లే పురుగుమందు గుళికలు గింజల్లా కనబడితే కోళ్లు తింటాయి. ఎలుకల కోసం నూకలకు పట్టించే మందు సంగతి చెప్పనక్కరలేదు. మీ పెరటి గట్టు అవతల చేను ఉంటే ఆ రైతుతో ముందే మాట్లాడి, మందు చల్లే రోజు కోళ్లను గూట్లోనే ఉంచండి. మీ మొక్కలకు కూడా వేపనూనె, చేత్తో ఏరడం తప్ప వేరే మందుల జోలికి పోకండి.

గూడు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే ఆరింటికి సరిపోతుంది. నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. జల్లెడ కన్ను అర అంగుళం మించకూడదు, షట్కోణం కన్నుల కోళ్లవల పాముకు అడ్డం కాదు. రోహిణి కార్తెలో గూడు మీద తడిపిన గోనె సంచులు కప్పి, మట్టిచిప్పల్లో నీళ్లు పూటపూటకూ మార్చండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒళ్లు చల్లబరచుకుంటుంది. అలా రొప్పితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకుకు కావాల్సిన కార్బొనేట్ చాలక గుడ్లు పలచబడతాయి. మేలో పలచ గుడ్లు చూసి కంగారుపడి కాల్షియం మందులు కొనకండి, నీడా నీళ్లూ చూడండి.

ఇంకొక్కటి. మనవలు వచ్చి కోళ్లకు పేర్లు పెడతారు. రెండేళ్లు దాటాక గుడ్లు తగ్గుతాయి. అప్పుడు ఆ పేరున్న కోడిని కోస్తారా, ఊరికే మేపుతారా అన్నది మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. మా ఇంట్లో అత్తయ్యది ఒక మాట, మా పిల్లలది ఒక మాట, నేను ఎటూ తేల్చలేక ముసలి పెట్టలు రెండింటిని మేపుతున్నాను.

మీరు వేసవిలో వస్తున్నామన్నారు కాబట్టి మృగశిర కార్తెకు, అంటే జూన్ 8 ప్రాంతానికి, వల కట్టి మడులు చేసి విత్తనాలు వేసేయండి. పందిరి పాదులూ అప్పుడే. ముసురు రోజుల్లో కోడిపిల్లలను తేవద్దు, తడి ఊకలో రక్త విరేచనాలు పట్టుకుంటాయి. అక్టోబరు వచ్చి నేల ఆరాక, ఆరు వారాలు నిండిన పిల్లల్ని తెచ్చుకోండి. తెచ్చిన మొదటి వారం పగలు కూడా గూట్లోనే ఉంచితే ఇల్లు ఏదో వాటికి తెలుస్తుంది, తర్వాత సాయంత్రం వాటంతట అవే వచ్చి ఎక్కుతాయి. ఆ వారం మాత్రం హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోకండి.