ఇంటి బార్‌కి కారైక్కుడి పాత సామానా, కొత్త ప్లైవుడ్డా?

తిరుపతిలో ఫ్లాటు, హాల్లో ఇంటి బార్ కోసం ఎనిమిది అడుగుల గోడ ఖాళీ. తమిళనాడులోని కారైక్కుడి నుంచి పాత టేకు సామాను తెచ్చుకోవాలా, ఇక్కడే ఆచారితో కొత్తగా చేయించాలా అని కదా మీ ప్రశ్న. అల్మరా పాతది కొనండి. కౌంటర్ కొత్తగా చేయించండి. స్టూళ్లు మాత్రం పాతవి వద్దే వద్దు. మూడూ ఒకే కాలానివి కావాలని పట్టుబడితే డబ్బు పోతుంది, వాడకమూ కుదరదు.

అల్మరా ఎందుకంటే, మన ఊళ్లో దర్శనానికని బంధువులు ఏడాది పొడుగునా దిగుతూనే ఉంటారు. పెద్దమ్మా పెదనాన్నా హాల్లోకి రాగానే వరసగా సీసాలు కనబడితే మీకే ఇబ్బంది. తలుపులు మూసి తాళం వేసుకునే పాత టేకు బీరువా అయితే అది బార్ అని ఎవరికీ తెలియదు, పిల్లల చేతికీ అందదు. ఇంట్లో ఎన్ని సీసాలు ఉండొచ్చో ఎక్సైజ్ వాళ్ల పరిమితి ఎలాగూ ఉంది కాబట్టి గోడంతా అరలు అక్కర్లేదు.

యాంటిక్ అంటే వందేళ్లు దాటినది. 1972 నాటి పురావస్తువుల చట్టంలోనూ కళాఖండాలకు, పనితనమున్న వస్తువులకు వందేళ్ల లెక్కే. వింటేజ్ అనే మాటకు అలాంటి గట్టి లెక్క లేదు, అమ్మేవాడి నోటికి ఎంతొస్తే అంత. కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి దుకాణాల్లో ఈ రెండూ, పాత దూలాల టేకుతో కొత్తగా చేసినవీ పక్కపక్కనే ఉంటాయి. ఆ మూడో రకం నాసిరకమేమీ కాదు, కర్ర బాగా ఆరి ఉంటుంది. దాన్ని యాంటిక్ ధరకు అంటగడితేనే మోసం.

తేడా తెలియాలంటే సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. చేత్తో కోసిన డవ్‌టెయిల్ జాయింట్లు, అంటే మూలల్లో పావురం తోకలా విచ్చుకుని ఒకదాంట్లో ఒకటి దూరే పళ్లు, ఒక్కోటి ఒక్కో వెడల్పులో ఉంటాయి, మిషను కోతవి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. అడుగు పలక మీద గుండ్రటి రంపపు గీతలుంటే మిషను కోతే. ప్లస్ గాడి స్క్రూలు 1930లలో వచ్చాయి. నూట పాతికేళ్ల బీరువా అని చెప్పి మడత బందులకు ఆ స్క్రూలే ఉంటే, మరమ్మతైనా జరిగింది, కథైనా అల్లారు. ఇత్తడి పిడులకు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే ఇనుము మీద పూతే.

పుచ్చు సంగతి ఇంతకంటే ముఖ్యం. టేకు చేవను పురుగు సాధారణంగా ముట్టదు. కానీ వెనక పలకలకు, సొరుగు అడుగులకు వేరే కర్రో, టేకులోనే తెల్లగా ఉండే పైభాగమో వాడేస్తారు. గుండుసూది దూరేంత రంధ్రాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి పాతవై ఉండొచ్చు. కింద నల్ల కాగితం పరిచి వారం పది రోజులు కదపకుండా ఉంచితే దాని మీద లేత రంగు పిండి రాలుతుందో లేదో తెలుస్తుంది. రాలితే పురుగు బతికే ఉంది. పుచ్చు మందును సిరంజితో రంధ్రాల్లోకి ఎక్కించి మైనంతో మూయించాలి. ఈ పని అమ్మేవాడి దగ్గరే అయిపోవాలి, మీ ఇంటి వార్డ్‌రోబ్‌ల పక్కన కాదు.

ఇక పాత సామాను మీదే గ్లాసు పెట్టుకుని మందు పోసుకుంటే ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. పాత టేకు మీద ఉండే ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దినదే. స్పిరిట్‌లో కరిగింది మళ్లీ స్పిరిట్‌లోనే కరుగుతుంది. మన దగ్గర దొరికే విస్కీల్లో చాలావాటిలో ఆల్కహాలు 42.8 శాతం. గ్లాసు అడుగున తడి ఉండిపోతే పాలిష్ మెత్తబడి జిగురవుతుంది, ఐసు నీళ్లయితే తెల్లటి వలయం పడుతుంది. వెనక కనబడని చోట సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది ఒక నిమిషం ఆనించండి. దూది జిగటగా పాలిష్‌కి అతుక్కుంటే లక్కే. అలాగని దాన్ని ఉప్పుకాగితంతో గీకించి పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ వేయించకండి, పాత సామాను విలువంతా ఆ పైపొరలోనే ఉంటుంది. సీసాలుండే అరల్లో అంచులున్న ట్రేలు పెట్టండి. మందు పోయడం, కలపడం బీరువా మీద పెట్టుకోకండి. కౌంటర్ విడిగా కావాలనేది ఇందుకే.

మన నవంబర్, డిసెంబర్ వానలకు పాత సొరుగులు బిగుసుకుంటాయి. వెంటనే ఆచారిని పిలిచి చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో లొడలొడలాడతాయి. కొవ్వొత్తి మైనం రుద్ది వేసవి దాకా ఆగండి. కొనేముందు లిఫ్టు తలుపు కూడా కొలుచుకోండి. పాత బీరువాల్లో పై కిరీటం, కింది పీఠం విడిగా వచ్చేవి ఉంటాయి, అడిగి చూడండి.

ఎర్రచందనం కుర్చీ, పెట్టె అంటూ చవగ్గా చూపించేవాళ్లు మన జిల్లాలో తగులుతారు. అటవీ శాఖ కాగితాలు లేకుండా దాన్ని ముట్టుకోకండి. కేసు అమ్మినవాడితో ఆగదు.

కౌంటర్‌కి 18 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లైవుడ్, అంటే మరిగే నీళ్లకూ చెడని రకం, ఐఎస్ 710 ప్రమాణం ముద్ర ఉన్నది వాడండి. కాస్త చెమ్మను మాత్రమే ఆపే ఎంఆర్ రకం తడికి ఉబ్బుతుంది. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అయితే అర మూడడుగులుంటే చాలు, నడుం వంగిపోతుంది. నిండు సీసా ఒకటి కిలోంపావు పైనే, సోడా, సిరప్పుల సీసాలతో కలిపి రెండు వరసల్లో ఇరవై పెడితే పాతిక కిలోలు. ప్లైవుడ్ అరలకైనా రెండున్నర అడుగులకో ఆధారం ఇవ్వండి. అర ఎత్తు 14 అంగుళాలుంటే పొడుగు సీసాలూ పడతాయి.

పైన కడప బండ వేయించకండి. అది సున్నపురాయి, నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు పోయి మచ్చ తేలుతుంది. పాలరాయిదీ అదే గతి. కుప్పం గ్రీన్ లాంటి గ్రానైట్‌కి ఆ బాధ లేదు. 20 ఎంఎం గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోలు, అంటే ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలక 45 కిలోలు. మోకాళ్ల కోసం ముందుకు 10 నుంచి 12 అంగుళాలు వదలాలి, ఆ భాగం కింద ఇనుప బ్రాకెట్లు తప్పనిసరి.

పాత స్టూళ్లు ఎందుకు వద్దన్నానంటే, వాటి జాయింట్లు పాతకాలపు వజ్రంతో, అంటే జంతువుల ఎముకలు, తోలు ఉడికించి తీసిన జిగురుతో అతికినవి, ఎండకు ఆ జిగురు పెళుసెక్కుతుంది. పైగా రెండు పెగ్గులయ్యాక మనిషి నిటారుగా కూర్చోడు, వెనక్కీ పక్కకీ వాలతాడు. ఆ పక్క ఒత్తిడికే కాళ్లు ఊడొస్తాయి. ఎత్తులూ కుదరవు. 42 అంగుళాల కౌంటర్‌కి సీటు 30 అంగుళాలు కావాలి, 36 అంగుళాలదైతే 24 నుంచి 25. సీటుకీ పలక అడుగుకీ మధ్య పది అంగుళాలు తగ్గితే తొడలు తగులుతాయి. కాళ్లు ఆనించే కడ్డీ సీటుకు 17, 18 అంగుళాల కింద ఉండాలి. మనిషికి రెండడుగుల వెడల్పు లెక్కేస్తే ఆరడుగుల కౌంటర్‌కి ముగ్గురు, నాలుగోది ఇరికించకండి. స్టూళ్లు ముందు కొని, ఇంట్లో అందరూ కూర్చుని చూశాకే ఆచారికి కౌంటర్ ఎత్తు చెప్పండి. రాయి పరిచాక తగ్గించడం కుదరదు.