విజయనగరంలో కొత్త కామిక్స్ దొరుకుతాయా? అడిగి తెప్పించుకుంటే దొరుకుతాయి

మీ ప్రశ్న చదివాను. బాబుకి 13 ఏళ్ళు, సినిమాలు చూసి సూపర్‌హీరో కామిక్స్ మీద పడ్డాడు, ఇప్పుడు హారర్ కామిక్స్ కూడా కొనమంటున్నాడు, విజయనగరంలో కొత్తవి ఎక్కడ దొరుకుతాయి, ఏవి కొనాలి అని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. చాలా ఏళ్ళుగా ఇవి కొని చదువుతున్నాను. కాబట్టి నాకు ఎదురైనవే రాస్తాను.

ఒక్క కామిక్సే అమ్మే షాపు మన ఊళ్ళో నేను చూడలేదు. మొదట్లో నేనూ దానికోసమే వెతికాను. నెలకోసారి ప్యాసింజర్ ఎక్కి వైజాగ్ వెళ్ళి, పెద్ద పుస్తకాల షాపుల్లో మధ్యాహ్నం దాకా తిరిగి, ఒకటో రెండో పుస్తకాలు పట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. ఆన్‌లైన్లో కూడా ప్రయత్నించాను. ఒకసారి విడి సంచికలు నాలుగు ఆర్డర్ పెడితే నెలన్నర పట్టింది. పల్చటి కవర్లో పడేసి పంపారు. మడతలు పడి, ఒక మూల తడిసి వచ్చాయి. వాపసు అడిగితే జవాబే లేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను. డబ్బు కన్నా, అన్నాళ్ళు ఎదురుచూసి ఆ తడిసిన అట్ట చూడాల్సి రావడం ఎక్కువ బాధ అనిపించింది.

దారి చూపించింది గంటస్తంభం దగ్గర మేం చిన్నప్పట్నుంచీ నోటుపుస్తకాలు కొనే షాపు. స్కూలు పుస్తకాలు, గైడ్లు, పెన్నులు అమ్మే మామూలు షాపు. షాపాయన్ని బాబాయ్ అంటాను. ఒకరోజు ఊరికే అడిగాను, ఇలాంటి పుస్తకం తెప్పించగలరా అని. ఫోన్లో బొమ్మ చూసి, ధర చూసి, "ఏటి బాబూ, బొమ్మల పుస్తకానికి ఇంత ధరేటి?" అన్నారు. నేను సగం డబ్బు అడ్వాన్సుగా ఇచ్చాను. తొమ్మిది రోజుల్లో వచ్చింది. పోటీ పరీక్షల పుస్తకాల పార్సిల్లోనే, మడత కూడా పడకుండా వచ్చింది.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అమెరికాలో కొత్త కామిక్స్ ప్రతి బుధవారం షాపుల్లోకి వస్తాయి. అవి పల్చటి సంచికలు. సుమారు 20 పేజీల కథ, మిగతావి ప్రకటనలు, ధర నాలుగైదు డాలర్లు. అవి మన ఊరికి రావడం కష్టం. వచ్చినా రవాణా ఖర్చుతో ధర మోయలేం. కానీ అయిదారు సంచికలు అయ్యాక వాటిని కలిపి ఒక పుస్తకంగా వేస్తారు. ఆ పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అనే 13 అంకెల నంబరు ఉంటుంది, మామూలుగా 978తో మొదలవుతుంది. ఆ నంబరు కాగితం మీద రాసి ఇస్తే చాలు, ఏ పుస్తకాల షాపాయనైనా తన డిస్ట్రిబ్యూటర్‌ని అడిగి చెప్పగలడు. పేరు చెప్తే పొరపాటు పడతారు, ఎందుకంటే ఒకే బ్యాట్‌మ్యాన్ పేరుతో వందల పుస్తకాలున్నాయి. నంబరు ఇస్తే పొరపాటుకు చోటు లేదు. నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

కొత్త కథ కోసం కొన్ని నెలలు ఆగాలి, అది నిజమే. ఆగడం వల్ల నష్టమేం లేదు. అప్పటికి ఆ కథ బావుందో లేదో చదివినవాళ్ళు చెప్పేసి ఉంటారు.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్లో ఒకే సంచిక నాలుగైదు రకాల అట్టలతో కనిపిస్తుంది. లోపల కథ ఒక్కటే. అట్ట వేరు కాబట్టి ఎక్కువ ధర అంటే బాబు కోసం ఇవ్వొద్దు. "మొదటి సంచిక" అని పెద్దగా వేశారని కంగారు కూడా వద్దు. పాత హీరోలకే కొన్నేళ్ళకోసారి నంబరు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు.

ఇక ఏవి కొనాలి? బాబు సూపర్‌హీరో, హారర్ రెండూ అడుగుతున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆ రెండూ ఒకే చూరు కింద పెరిగినవి. 1950ల మొదట్లో అమెరికాలో హారర్ కామిక్స్ విపరీతంగా అమ్ముడయ్యేవి. పిల్లలు పాడైపోతున్నారని గొడవ లేచి, సెనేట్‌లో విచారణ దాకా వెళ్ళింది. దాంతో 1954లో ప్రచురణకర్తలే తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. పేరులో హారర్ అన్న మాట ఉండకూడదు, రక్తపిశాచాలు ఉండకూడదు, తోడేలు మనుషులు ఉండకూడదు. 1971లో ఆ పట్టు సడలించాక ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది. స్పైడర్‌మ్యాన్ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ వాళ్ళు 1972లో డ్రాక్యులా కామిక్ మొదలుపెట్టారు. మీ వాడు సినిమాల ద్వారా పేరు వినే ఉంటాడు, రక్తపిశాచాల్ని వేటాడే బ్లేడ్ మొదట కనిపించింది ఆ డ్రాక్యులా కామిక్‌లోనే, 1973లో. మూన్ నైట్ అనే సూపర్‌హీరో కూడా అంతే, 1975లో ఒక తోడేలు మనిషి కథలోకి వచ్చాడు. ఈ సంగతి బాబుకి చెప్పండి, సంతోషిస్తాడు.

మొదటి పుస్తకంగా నేను చెప్పేది బ్యాట్‌మ్యాన్ "ది కోర్ట్ ఆఫ్ ఔల్స్". స్కాట్ స్నైడర్ రాశారు, గ్రెగ్ కపుల్లో బొమ్మలు. 2011లో మొదలైన కథ, కొత్తది కాదు. కానీ బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ సంస్థ వాళ్ళు 2024లో కాంపాక్ట్ కామిక్స్ అని చిన్న సైజులో, తక్కువ ధరలో వేయడం మొదలుపెట్టిన పుస్తకాల్లో ఇదీ ఉంది. మన వైపు గుడ్లగూబ ఇంటి మీద వాలితే పెద్దవాళ్ళు ఇప్పటికీ గుండె చేత్తో పట్టుకుంటారు కదా. ఈ కథలో ఒక ఊరిని తరతరాలుగా గుడ్లగూబల ముసుగులు వేసుకున్న మనుషులు చాటుగా ఏలుతుంటారు. అలాంటివాళ్ళు లేరని బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు ఇదే) గట్టి నమ్మకం. చివరికి వాళ్ళు తన కుటుంబం కట్టిన భవనాల్లోనే, ఎవరికీ తెలియని అంతస్తుల్లో కాపురం ఉన్నారని తెలుస్తుంది. మధ్యలో అతను ఒక చిక్కుదారిలో పడి మతి తప్పుతుంటాడు. అప్పుడు పేజీలు అడ్డంగా తిరుగుతాయి, తర్వాత తలకిందులవుతాయి. పుస్తకాన్ని మనమే చేతిలో తిప్పుకుంటూ చదవాలి. నేను అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని చదువుతూ, ఆ పేజీలు వచ్చేసరికి నిజంగా కళ్ళు తిరిగినట్టయి పుస్తకం మూసి కాసేపు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను. బొమ్మల పుస్తకం చేయగలిగి, సినిమా చేయలేనిది ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

రెండోది మీ ఇద్దరికీ. 2024 జనవరిలో మొదలైన "అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్", జొనాథన్ హిక్‌మన్ రాసింది. ఇందులో పీటర్ పార్కర్‌కి, అంటే స్పైడర్‌మ్యాన్ అయ్యే మనిషికి, ముప్పై దాటాయి. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు. అప్పుడు శక్తులు వస్తాయి. పిల్లలు స్పైడర్‌మ్యాన్ కోసం చదువుతారు, మనం ఆ తండ్రి కోసం చదువుతాం.

ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్నది 2024 అక్టోబర్‌లో వచ్చిన "అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్". ఇందులో బ్రూస్ దగ్గర డబ్బు లేదు. తండ్రి బడిపంతులు, తల్లి బతికే ఉంది. కోట్ల ఆస్తి లేని బ్యాట్‌మ్యాన్ ఎలా ఉంటాడన్నదే కథ. నాకు ఎంతో ఇష్టం. కానీ కొట్లాటలు చాలా క్రూరంగా ఉంటాయి. ముందు మీరు చదివి తర్వాత బాబుకి ఇవ్వండి.

ఆ మాట ఊరికే అనడం లేదు. మా మేనకోడలికి పన్నెండేళ్ళప్పుడు, శ్రీకాకుళం నుంచి సెలవులకి వచ్చి, నా అల్మరాలోంచి జపాన్ హారర్ కామిక్స్ వేసే జుంజి ఇటో పుస్తకం తీసి మేడ మీద కూర్చుని చదివేసింది. నేను ఆఫీసులో ఉన్నాను. నాలుగు రాత్రులు నిద్రపోలేదు పిల్ల. అమ్మ దిష్టి తీసింది, మా అక్క నా మీద కోప్పడింది, అందులో న్యాయం ఉంది. తాళం వేయాల్సింది నేను. అయిదో రోజు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, అదే పుస్తకం పట్టపగలు మళ్ళీ తిరగేశాం. ఈ గీత ఎందుకు భయపెడుతోంది, ఇక్కడ నలుపు ఎందుకు ఎక్కువ వాడారు అని బొమ్మ బొమ్మా మాట్లాడుకున్నాం. భయం తగ్గింది. ఇప్పుడు తను చక్కగా బొమ్మలు వేస్తుంది.

పుస్తకం వెనక బార్‌కోడ్ దగ్గర వయసు వేసి ఉంటుంది చూడండి. డీసీ వాళ్ళయితే 13, 15, 17 అని అంకెల్లో వేస్తారు. "సమ్‌థింగ్ ఈజ్ కిల్లింగ్ ద చిల్డ్రన్" అని 2019లో మొదలైన కథ చాలా గొప్పది, కానీ చనిపోయేవాళ్ళలో పిల్లలు చాలామంది ఉంటారు. స్నేహితులెవరో చెప్పారని బాబు అడిగితే ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగమనండి. అలాగని హారరే వద్దని మాత్రం అనకండి. చందమామలో శంకర్ గారు వేసిన బేతాళుడి బొమ్మ, భుజాన శవంతో విక్రమార్కుడు, చేతిలో కత్తి, వెనక శ్మశానం, అది చూస్తూనే కదా మనం పెరిగాం. అమ్మమ్మ పక్కన పడుకుని దుప్పట్లోంచి చూసేవాణ్ణి నేను. భయపడ్డాం, మళ్ళీ వచ్చే నెల కోసం ఎదురుచూశాం.

కొన్నాక దాచడం గురించి కూడా రాయాలి. మా ఇంట్లో రెండు పెట్టెల నిండా పాత ఇంద్రజాల్ కామిక్స్ ఉండేవి, ఫాంటమ్, మాండ్రేక్, బహదూర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి పైగది కిటికీ ఊడిపోయి, రాత్రంతా వాన లోపలికి కొట్టింది. కరెంటు లేదు, చీకట్లో ఏం తడుస్తోందో తెలియలేదు. తెల్లారి చూస్తే ముద్ద. ఒక్కటీ మిగల్లేదు. అప్పట్నుంచి నేల మీద అట్టపెట్టెలో ఏదీ పెట్టను. ప్లాస్టిక్ కవర్లో, వెనక అట్టముక్క పెట్టి, కిటికీకి దూరంగా అల్మరా పై అరలో నిలబెడతాను. మన గాలిలో తేమ ఎక్కువ, వానాకాలం అయ్యాక ఒకరోజు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు పోతుంది.

షాపుకి ఎప్పుడు వెళ్ళాలంటే, జూన్‌లో వద్దు. స్కూలు పుస్తకాల రద్దీలో మీ మాట వినే తీరిక వాళ్ళకి ఉండదు. దసరా తర్వాత సిరిమాను వారం కూడా వద్దు, ఆ వైపు కాలు పెట్టలేం. మిగతా రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. బాబుని తీసుకెళ్ళండి, నంబరు రాసిన కాగితం వాడి చేతే ఇప్పించండి. అడ్వాన్సు ఇచ్చి, వచ్చాక తప్పకుండా తీసుకోండి. మా బాబాయ్ మొదట నాకోసం ఒక్కటే తెప్పించేవారు. తర్వాత కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు అడగడం మొదలుపెట్టాక, ఇప్పుడు గైడ్ల పక్కన ఒక అర వీటికే వదిలారు. నేను వెళ్తే నాకంటే ముందే, "బాబూ, కొత్తవొచ్చాయి, నీకోసం ఒకటి పక్కన పెట్టాను" అంటారు.

మీరు ఏ పుస్తకం ఎంచుకున్నారో, మీ వాడికి అందులో ఏ బొమ్మ నచ్చిందో కింద రాయండి. దాన్ని బట్టి తర్వాత ఏది అడగాలో చెబుతాను.