ఆ ఆల్బమ్‌లో లేని పాటలు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది పరకాల. హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్‌లో ఒక దోస్తు జమైకా గాయకుడు బాబ్ మార్లే 'లెజెండ్' ఆల్బమ్ వినిపించాడు. అప్పటి నుంచి రోజూ అదే. మా బాబాయి కూడా పాటల మనిషే, ఒకప్పుడు మీటింగుల్లో పాడేవాడు. మార్లే మొదట్లో జనం కోసం పాడి, పేరొచ్చాక ప్రేమ పాటల్లో పడ్డాడని ఆయన అంటాడు. సంవత్సరాలు చూస్తే నాకూ అదే కరెక్టేమో అనిపిస్తోంది. 'గెట్ అప్, స్టాండ్ అప్' 1973ది, 'ఈజ్ దిస్ లవ్' 1978ది. చివరి రోజుల్లో ఆయన నిజంగానే మెత్తబడ్డాడా? ఆ కాలం పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, పాట విని ఊరుకోకుండా అది ఏ సంవత్సరందో చూశావు చూడు, అందుకే నీ ఉత్తరానికి ఈసారి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మీ బాబాయి మాట 'లెజెండ్' వరకు సరిపోతుంది. మార్లేకు సరిపోదు. ఆయన 1981 మే 11న, 36 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయారు. 'లెజెండ్' వచ్చింది 1984లో. అంటే ఏ పాట ఉండాలి, ఏది ముందు రావాలి అన్నది ఆయన చెప్పింది కాదు. అప్పట్లో మార్లే పాటల కంపెనీ ఐలాండ్ రికార్డ్స్ బాధ్యతలు చూస్తున్న డేవ్ రాబిన్సన్ ఏరి కూర్చారు. రెగే అనే ఆ జమైకా సంగీతం ఎరగని ఇళ్లలోకి కూడా మార్లే పాట వెళ్లాలన్నది ఆయన ఆలోచన. ఆ పని బ్రహ్మాండంగా జరిగింది. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా పెద్దమ్మ వాళ్లింటికి కూడా ఆ క్యాసెట్ చేరిందంటే అందుకే కదా. మా అన్న దాన్ని ఎంత తిప్పాడంటే, 'నో వుమన్, నో క్రై' దగ్గర టేపు సాగిపోయి మార్లే గొంతు ఇంకా బరువుగా వినిపించేది. నాకు ఆ పాట ఇప్పటికీ ఆ బరువుతోనే గుర్తుంది.

ఇప్పుడు ఆ ఏరివేత ఎలా జరిగిందో చూడు. మొత్తం 14 పాటలు. అందులో 5 పాటలు 1977 నాటి 'ఎక్సోడస్' ఆల్బమ్‌వి. ఆ ఎల్పీకి మొదటి వైపు అంతా కోపం, వేదన, ప్రయాణం. 'నేచురల్ మిస్టిక్', 'గిల్టీనెస్', 'ది హీథెన్' అక్కడే ఉంటాయి. రెండో వైపు తిప్పితే 'జామింగ్', 'వెయిటింగ్ ఇన్ వేన్', 'త్రీ లిటిల్ బర్డ్స్', 'వన్ లవ్'. 'లెజెండ్' ఈ నాలుగింటినీ తీసుకుంది, మొదటి వైపు నుంచి మాత్రం 'ఎక్సోడస్' పాట ఒక్కటే తీసుకుంది. ఇక 1976 నాటి 'రాస్తమాన్ వైబ్రేషన్', 1979 నాటి 'సర్వైవల్' ఆల్బమ్‌ల నుంచి ఒక్క పాట కూడా లేదు. మొదటిదాంట్లో 'వార్' అని ఒక పాట ఉంది. ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ 1963లో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగాన్ని దాదాపు ఉన్నదున్నట్టుగా పాట కట్టారు. జాతి భేదం పోయేదాకా యుద్ధం ఆగదని చెప్పే పాట అది. ఇలాంటివి పక్కన పెడితే ఎవరికైనా మీ బాబాయికి అనిపించినట్టే అనిపిస్తుంది.

ఇంకో సంగతి. 1976 డిసెంబర్ 3న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో మార్లే ఇంట్లోకి దుండగులు చొరబడి కాల్పులు జరిపారు. ఆయనకూ, భార్య రీటాకూ, మేనేజర్‌కూ తూటాలు తగిలాయి. రెండు రోజులకే ఆ గాయంతోనే స్టేజీ ఎక్కి పాడి, తర్వాత దేశం వదిలి లండన్ వెళ్లారు. 'ఎక్సోడస్' పాటలూ, 1978లో వచ్చిన 'కాయా' పాటలూ ఆ లండన్ రోజుల్లో రికార్డయినవే. 'ఈజ్ దిస్ లవ్' ఆ 'కాయా'లోదే. చావు దగ్గరిదాకా వచ్చి వెళ్లిన మనిషి, ఒకే స్టూడియో కాలంలో 'ది హీథెన్' పాడాడు, ఇదీ పాడాడు. అది తెలిశాక ఆ ప్రేమ పాటను మెత్తబడ్డ మనిషి పాటగా నేను వినలేకపోయాను.

ఆ తర్వాత 'సర్వైవల్'. నా మటుకు మార్లే చివరి కాలానికి గుండెకాయ ఇదే. దీన్ని కింగ్‌స్టన్‌కు తిరిగొచ్చాక సొంత టఫ్ గాంగ్ స్టూడియోలో చేశారు. అట్ట మీద ఆయన ఫొటో లేదు. ఆఫ్రికా దేశాల జెండాలు వరుసగా ఉంటాయి. పైన ఆల్బమ్ పేరున్న పట్టీని దగ్గరగా పట్టుకుని చూడు: అక్షరాల వెనకాల సన్నటి గీతలు, వాటిలో చిన్న చిన్న మనుషుల బొమ్మలు ఒకరి పక్కన ఒకరు కుక్కినట్టు ఉంటాయి. బానిసలను ఓడలో ఎలా పడుకోబెట్టేవారో చూపించే పాత పటం అది. లోపల 'ఆంబుష్ ఇన్ ద నైట్' ఉంది, తన మీద జరిగిన కాల్పుల గురించే. 'బాబిలాన్ సిస్టమ్' ఉంది. 'జింబాబ్వే' ఉంది.

ఈ చివరి పాట గురించి కాస్త చెప్పాలి. ఆల్బమ్ వచ్చేనాటికి ఆ పేరుతో స్వతంత్ర దేశం ఇంకా లేదు, అప్పటికి రొడీషియా అని పిలిచే ఆ దేశంలో పోరాటం నడుస్తోంది. 1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు, సాలిస్‌బరీలోని రుఫారో స్టేడియంలో ఈ పాట పాడటానికి మార్లేనే పిలిచారు. ఊరికి ఇప్పటి పేరు హరారే. బయట ఉన్న జనం లోపలికి తోసుకొస్తుంటే పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. బ్యాండ్ స్టేజీ దిగి, గాలి కాస్త తేరుకున్నాక మళ్లీ ఎక్కి పాడింది. ఆ ఉత్సవాలకు వెళ్లిన దేశాధినేతల్లో ఆ జనవరిలోనే మన మెదక్ నుంచి గెలిచి ప్రధాని అయిన ఇందిరాగాంధీ కూడా ఉన్నారు. రాష్ట్రం రాకముందే రాష్ట్రం పేరు పాటల్లో మోగిన నేల మనది. దేశం రాకముందే దేశం పేరు పాటైతే ఎలా ఉంటుందో మీ బాబాయికి నేను చెప్పక్కర్లేదు.

ఎలా వినాలంటావా? ముందు 'లెజెండ్' పాటలనే ఫోన్‌లో సంవత్సరాల ప్రకారం పేర్చుకో. ఆల్బమ్‌లో ఉన్న వరుసైతే 1978 పాటతో మొదలై ముందుకూ వెనక్కూ పోతుంది. తర్వాత 1995లో వచ్చిన 'నేచురల్ మిస్టిక్' అనే సంకలనం పట్టుకో. 'లెజెండ్' వదిలేసిన వాటిలో చాలా మంచివి ఇందులో చేర్చారు. 'వార్' ఉంది. 'సర్వైవల్' నుంచి 'సో మచ్ ట్రబుల్ ఇన్ ద వరల్డ్', 'ఆఫ్రికా యునైట్', 'వన్ డ్రాప్' ఉన్నాయి. ఈ మూడూ ఎక్కాయంటే 'సర్వైవల్' పూర్తిగా విను. మొదటిసారి కొన్ని పాటలు చప్పగా అనిపించొచ్చు, 'లెజెండ్' అంత తొందరగా నోటికి రావు. ఓపిక పట్టు. చివరగా 1980 నాటి 'అప్‌రైజింగ్'. దాని ఆఖరి పాట 'రిడెంప్షన్ సాంగ్' నీకు ముందే తెలుసు కానీ, మిగతావన్నీ విన్నాక వింటే వేరుగా ఉంటుంది. డ్రమ్ము లేదు, బేస్ లేదు, ఒక్క గిటారు. మనసుకు పడ్డ సంకెళ్లు మనమే తెంపుకోవాలన్న మాట జమైకాకు చెందిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ 1937లో చేసిన ప్రసంగంలోది.

ఆయన చివరి కచేరీ 1980 సెప్టెంబర్ 23న పిట్స్‌బర్గ్‌లో జరిగింది. రెండు రోజుల ముందే న్యూయార్క్ పార్కులో పరుగెత్తుతూ కుప్పకూలిన మనిషి. ఆ రికార్డింగ్ 2011లో 'లైవ్ ఫరెవర్' పేరుతో వచ్చింది. అందులో 'జింబాబ్వే' ఉంది, 'ఈజ్ దిస్ లవ్' ఉంది. అన్నిటికన్నా ఆఖరున పాడింది 'గెట్ అప్, స్టాండ్ అప్'.

ప్రశ్న: అక్కా, నేను డప్పు కొడతాను. రెగే దరువు వింటుంటే ఎక్కడ దెబ్బ పడుతుందో దొరకదు. డప్పు మీద పట్టించవచ్చా?
– ఒక కళాకారుడు, హుజూరాబాద్

జవాబు: తప్పకుండా పట్టించవచ్చు అన్నా. నాలుగు లెక్కపెట్టండి. మనం ఒకటి మీద గట్టిగా వేస్తాం. రెగేలో 'వన్ డ్రాప్' అనే దరువుకు ఆ ఒకటే ఖాళీ. పెద్ద డ్రమ్ము మూడు మీద పడుతుంది. గిటారు రెండు, నాలుగు మీద చిన్నగా కోస్తుంది. మార్లే బ్యాండ్‌లో డ్రమ్ములు వాయించిన కార్ల్‌టన్ బారెట్ ఇందులో ఘనుడు, బేస్ వాయించింది ఆయన అన్న ఆస్టన్. పైన చెప్పిన 'సర్వైవల్'లో ఈ దరువు పేరుతోనే పాట ఉంది, దాన్నే పెట్టుకుని సాధన చేయండి. సిటికెన పుల్లతో రెండు, నాలుగు మీద తేలిగ్గా తాకించండి, సిర్రతో మూడు మీద మాత్రమే దెబ్బ వేయండి. ఒకటి దగ్గర చెయ్యి ఊరికే లేచిపోతుంది, దాన్ని ఆపుకోవడమే కష్టం. మొదట్లో ఒకటి దగ్గర కాలు నేలకు తాకించండి, చెయ్యి ఆగుతుంది. వేగం పెంచకండి. డప్పును మంట మీద మరీ బిగువుగా కాచకుండా కాస్త వదులుగా ఉంచితే మూడో దెబ్బ లోతుగా పలుకుతుంది.